ముక్కుసారు రాసిన ‘లేదు’

“ఆపరేషన్ ఆపేసింది డాక్టరమ్మ. నేను కాదు. నా మీద ఎగురుతారేం?” అంది గీతలమ్మ, పొయ్యి నాబు రెండోసారి తిప్పి చూస్తూ.

నాలుగు నెలలుగా ఆ ఇంట్లో నాబు తిప్పి చూసే పని ఆమెదే. గ్యాసు లీకైనా, కూర మాడినా కనిపెట్టాల్సిన మనిషికి వాసన తెలియడం మానేసింది. పైగా ఆయన ఉద్యోగమే వాసన చూడటం.

“శుక్రవారం అంది. సెలవు పెట్టాను. నిన్న స్కాను తీయించుకొచ్చాక ఫోన్ చేసి శుక్రవారం కుదరదు, రేపు వచ్చి కలవండి అంటే ఏమనుకోవాలి?” అన్నాడు ముక్కుసారు. మూడు రోజుల కిందట సర్దిపెట్టుకున్న ఆస్పత్రి సంచీ ఆయన కాళ్ల దగ్గరే ఉంది.

“ఏదో ఉండబట్టే ఆపింది అనుకోవాలి.”

“ఏముంటుంది? ముక్కులో కండ పెరిగింది. తీసెయ్యాలి. అంతేగా?”

“అంతే అయితే మీరే తీసుకోండి, అద్దం ముందు నిలబడి.”

ఆయన్ని ముక్కుసారు అని పిలిచేది పాల డెయిరీలో. పొద్దున్నే క్యాన్లు దిగుతాయి. మూత తీయగానే దాని లోపలివైపు ఒక్కసారి వాసన చూసి, ‘ఊఁ’ అంటే పాలు లోపలికి, ‘ఊహూఁ’ అంటే వెనక్కి. మిషన్లు ఎన్ని వచ్చినా ఆ మొదటి మాట ముక్కుసారుదే. ఇప్పుడు ఆ కండ, డాక్టర్ల మాటలో పాలిప్పులు, పెరిగి రెండు ముక్కులూ మూసుకుపోయాక, ఆయన మూతలు తీసే ఆమె ముఖం చూసి నెట్టుకొస్తున్నాడు. ఆమె ముఖం ముడిస్తే ఊహూఁ, లేకపోతే ఊఁ. ఆమెకి జలుబు చేసిన వారం డెయిరీ ఎలా గట్టెక్కిందో ఎవరికీ తెలియదు.

“వచ్చే నెల పదో తారీఖు పరీక్ష,” అన్నాడు వందోసారి. “పన్నెండు సీసాలు పెడతారు. ఏది విరిగిందో, ఏది పశువుల వాసనో చెప్పాలి. ఆవిడ ముఖం చూసి చెప్పే పరీక్ష కాదది. తప్పితే క్యాన్లు కడిగే షెడ్డుకి పంపుతారు. పద్దెనిమిదేళ్లు ముక్కు పెట్టినవాణ్ణి పైపు పట్టుకుని నిలబడమంటారు. నీకేం, నీ గీతలు నీకుంటాయి.”

గీతలమ్మ పనిచేసేది మునిసిపల్ ఆఫీసులో. జనం తెచ్చే ఇంటి ప్లాన్లు చూసి, తప్పులు పట్టి వెనక్కి పంపుతుంది. పెళ్లయిన కొత్తలో అత్తగారు వెక్కిరింపుగా పెట్టిన పేరు అది. ఆ పేరు ఎలా పాకిందో ఏమో, ఇప్పుడు ఆఫీసులో పైఅధికారి కూడా అలాగే పిలుస్తున్నాడు.

“నా గీతల జోలికి రాకండి,” అంది. “పదకొండింటికి రమ్మంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లని కూడా తీసుకురమ్మంది. అత్తయ్యా, మీరూ రావాలి.”

అత్తగారు బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. మామూలుగా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది నిన్న డాక్టరమ్మ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి కుక్కిన పేనులా ఉంది.

“నేనెందుకు?” అంది, కాయ మీంచి కళ్లెత్తకుండా. “నాకేం తెలుసని?”

“ఏమో. రమ్మంది.”

“మోకాళ్ల నొప్పులు.”

“నిన్న సాయంత్రం పార్కు చుట్టూ మూడుసార్లు తిరిగారు.”

అత్తగారు ఒలిచిన బఠాణీలు తొక్కల్లో వేసి, తొక్కలు గిన్నెలో వేసింది.

అంతలో వీధిలో కారు హారను మోగింది. రెండుసార్లు, మూడుసార్లు. తొందరబావ వచ్చాడు. ముక్కుసారు అక్కగారి భర్త. కారు ఆపి లోపలికొచ్చి పిలిచే ఓపిక ఆయనకి ఏనాడూ లేదు. ఈ రోజు మాత్రం లోపలికి వచ్చాడు, చెప్పులు గుమ్మంలో ఒకటి, వరండాలో ఒకటి విడిచి.

“నేను ఆ రోజే చెప్పాను,” అన్నాడు కూర్చోకుండానే. “నేనెరిగిన డాక్టరైతే రేపు పొద్దున చేసేస్తాడు. ఎల్లుండి ఇంటికి. ఆయన స్కానులూ గీనులూ అడగడు. చెయ్యి తిరిగిన మనిషి.”

“లోపల ఏముందో చూడకుండా ఎలా చేస్తాడు అన్నయ్యగారూ?” అంది గీతలమ్మ.

“గొట్టం పెట్టి చూస్తాడు కదమ్మా. టీవీలో కనపడుతుంది.”

“గొట్టం గోడ ఇవతల ఉన్నదే చూపిస్తుంది. అవతల ఏముందో స్కాను చూస్తేగాని తెలియదని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది.”

“పాత స్కాను ఉందిగా?”

“అది ఎనిమిది నెలల కిందటిది. జలుబులో తీయించారు. మొత్తం ఒకటే తెలుపు. పైగా మందపు ముక్కలు. ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ మధ్య ఏముందో దేవుడికే తెలియాలట. అందుకే మందులు వాడాక సన్నటి ముక్కలు తీయించింది.”

“అన్నీ నీకు బాగా వంటబట్టాయే,” అన్నాడు ముక్కుసారు.

“మీకు పట్టకపోతే ఎవరికో ఒకరికి పట్టాలిగా.”

తొందరబావ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, బావమరిది సంచీ చంకలో పెట్టుకున్నాడు. ఎక్కడికైతేనేం, బయల్దేరడమే ఆయనకి కావాలి. అత్తగారు మోకాళ్ల మాట మళ్లీ ఎత్తకుండా వెళ్లి కారు వెనక సీట్లో కూర్చుంది.

* * *

డాక్టరమ్మ గదిలో కిటికీ తెర వేసి ఉంది. బల్ల మీద కప్పులో చల్లారిపోయిన కాఫీ. ఆవిడ కూడా అప్పటికే విసిగిపోయి ఉన్నట్టుంది. వీళ్లు కూర్చునేలోగా రెండు ఫోన్లు వచ్చాయి. రెండింటికీ ఒకే జవాబు చెప్పింది. “స్కాను చూడకుండా తారీఖు ఇవ్వనండీ.”

గదిలోకి భార్యాభర్తలిద్దరే వెళ్లారు. అత్తగారు బయట బల్ల మీదే ఉంటానంది. తొందరబావ ఆవిడకి తోడుంటానన్నాడు. ఆయన ఒకరికి తోడుండటం గీతలమ్మ అంతకుముందెప్పుడూ చూడలేదు.

డాక్టరమ్మ తెర వాళ్ల వైపు తిప్పింది. మూడు బొమ్మలు పక్కపక్కనే ఉన్నాయి.

“ఇది ముందు నుంచి కోసి చూసినట్టు. ఇది పక్క నుంచి. ఇది పై నుంచి.”

“రెండు సెక్షన్లు, ఒక ప్లాను,” అని గొణిగింది గీతలమ్మ.

డాక్టరమ్మ తలెత్తింది. “మీరేం చేస్తారు?”

“ఇళ్ల ప్లాన్లు తనిఖీ చేస్తానండీ.”

“అమ్మయ్య,” అంది డాక్టరమ్మ. ఆ రోజు మొదటిసారి ఆవిడ ముఖంలో చిరాకు కాస్త తగ్గింది. కుర్చీ గీతలమ్మ వైపు జరుపుకుంది. ముక్కుసారుకి అది నచ్చలేదు. ముక్కు ఆయనది కదా.

“నల్లగా ఉన్నది గాలి. తెల్లగీత ఎముక. బూడిదరంగుది కండ, పాలిప్పులు. ఈ గీతకి అవతల కన్ను. కాగితమంత పలచన, అది బాగానే ఉంది. కంటికి వెళ్లే నరం ఇక్కడ, అదీ దూరంగానే ఉంది. ఆపరేషన్‌కి ముందు నేను ఒక్కొక్కటీ ఇలా చూసుకుంటూ వెళ్తాను. అందరికీ లోపల ఒకేలా ఉండదు. ఇప్పుడు పైకి రండి. ఇది ముక్కుకి పైకప్పు. దీని మీద మెదడు ఉంటుంది. ఎడమవైపు గీత ఇక్కడిదాకా వచ్చింది చూశారా? కుడివైపు చూడండి.”

గీతలమ్మ ముందుకి వంగింది. రోజుకి ముప్పై ప్లాన్లు చూసే కళ్లు. ఎక్కువసేపు పట్టలేదు.

“గీత తెగిపోయింది,” అంది.

“నాలుగు మిల్లీమీటర్లు. పక్క సెక్షన్‌లోనూ తెగింది, పై నుంచి చూసినా తెగింది. కాబట్టి బొమ్మలో తప్పు కాదు, నిజంగానే అక్కడ ఎముక లేదు. దాని కింద ఏదో అంటుకుని ఉంది. అది పాలిప్పా, పై నుంచి జారిన మెదడు పొరా, ఇంకేమన్నానా, ఈ సీటీ స్కానులో తేలదు. ఇందులో అన్నీ ఒకే బూడిదరంగు. ఎంఆర్ఐ తీస్తే విడివిడిగా తెలుస్తుంది.”

“పాలిప్పే అయ్యుంటుంది,” అన్నాడు ముక్కుసారు. “అన్నీ అవే కదా.”

“అయ్యుంటుంది అని లాగి చూడలేనండీ. మెదడు పొర అయితే లాగాక చెయ్యగలిగింది తక్కువ.”

ముక్కుసారు తెరకి దూరంగా కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

“ఇంకోటి,” అంది డాక్టరమ్మ. “ముక్కు పక్కగోడ నుంచి ఒక ఎముక వంపు తిరిగి వేలాడాలి. ఎడమవైపు నిండుగా ఉంది. కుడివైపు సగమే ఉంది. అది దానంతటది అరగదు. మీకు ఇంతకుముందు ఆపరేషన్ ఎప్పుడైంది?”

“లేదు,” అన్నాడు ముక్కుసారు. ప్రశ్న పూర్తవకముందే అన్నాడు.

“ముఖానికి గట్టి దెబ్బ?”

“లేదు.”

“వంగినప్పుడు కుడి ముక్కులోంచి నీళ్లలా కారుతుందా? ఉప్పగా అనిపిస్తుందా?”

“జలుబు మనిషికి ముక్కు కారదా డాక్టరుగారూ? ఇదేం ప్రశ్న?”

ఇన్నాళ్లూ అడిగిన ప్రతి ప్రశ్నకీ ఆలోచించి, లెక్క చూసి, ఒకటికి రెండుసార్లు సర్ది చెప్పే మనిషి ఇవాళ టకటకా జవాబులు చెప్పడం గీతలమ్మకి వింతగా ఉంది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకోవడం మొదలుపెట్టాడు.

“రుమాళ్లు,” అంది ఆమె.

“ఇక్కడ రుమాళ్ల గొడవేంటే?” అన్నాడు ముక్కుసారు.

“చెప్పండి,” అంది డాక్టరమ్మ.

“ఉతికేది నేనే కదండీ. చీదిన రుమాలు ఆరితే అట్ట కట్టినట్టు బిగుసుకుంటుంది. ఈయన రుమాళ్లలో కొన్ని ఎంత ఆరినా మెత్తగానే ఉంటాయి. తడి మరక ఉంటుంది, బిరుసు ఉండదు. ముఖం కడుక్కుని తుడుచుకున్నవేమో అనుకున్నాను.”

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

“ఎన్నాళ్లుగా?”

“ఏడాది పైనే.”

“జలుబు నీరు ఆరితే బిగుస్తుంది. మెదడు చుట్టూ ఉండే నీరు బిగవదు,” అంది డాక్టరమ్మ నెమ్మదిగా. “రుమాలు చూసి తేల్చలేం. నాలుగు చుక్కలు పట్టి ల్యాబుకి పంపుదాం. కానీ ఆ కంతలోంచి కిందకి నీరు వస్తుంటే, ముక్కులోని క్రిములు పైకి వెళ్లే దారి కూడా అదే. అది వాసన పోవడంలాంటి చిన్న విషయం కాదు. ఇక్కడ ఇంతకుముందు ఎవరో చెయ్యి పెట్టారు. ఏం తీశారో, ఎక్కడ ఆగారో నాకు తెలియాలి. తెలియకుండా కెమెరాతో వెళ్తే, ఉండాల్సిన గుర్తులు ఉండవు. ఎటు వెళ్తున్నానో నాకే తెలియదు.”

“ఎవరూ ఏ చెయ్యీ పెట్టలేదు,” అన్నాడు ముక్కుసారు, నేల వైపు చూస్తూ.

గీతలమ్మ ఆయన్నే చూస్తోంది. ఆమె ఆఫీసుకి వారానికి ఒకరైనా ఇలాంటివాళ్లు వస్తారు. ఎప్పుడో మధ్యగోడ పడగొట్టేస్తారు, పైన ఇంకో అంతస్తు కట్టుకోవడానికి మాత్రం గోడ ఉన్న పాత ప్లానే తెస్తారు. అడిగితే ఇలాగే నేల చూస్తారు. వాళ్లని చూస్తే ఆమెకి ఒళ్లు మండుతుంది, ఎందుకంటే పైకప్పు పడేది కింద నిద్రపోయేవాళ్ల మీద.

“ఎంఆర్ఐ రెండింటికి ఖాళీ ఉంది,” అంది డాక్టరమ్మ. “ఇవాళే తీయిద్దాం. మీరు బయట పెద్దావిడతో ఒకసారి మాట్లాడండి.”

* * *

వరండాలో నడుస్తుంటే గీతలమ్మ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది.

“నాకు చెప్పనిది ఏమన్నా ఉందా?”

“లేదన్నానుగా.”

“ఆవిడ దగ్గర లేదన్నారు. నేను అడుగుతున్నాను.”

“అందరికీ ఒకటే జవాబు. ఆవిడకో మాట, నీకో మాట ఉంటుందా?”

“ఉండకూడదనే అడుగుతున్నాను.”

“చూడు,” అన్నాడు గొంతు తగ్గించి. “ఆవిడకి చెయ్యడం ఇష్టం లేదు. అందుకని సాకులు. ఇవాళ ఎంఆర్ఐ అంటుంది, రేపు ఇంకోటి అంటుంది. ఈలోగా పదో తారీఖు వచ్చేస్తుంది. నా బాధ నీకు అర్థం కావట్లేదు.”

“అర్థమవుతోంది. అందుకే కోపం వస్తోంది.”

తొందరబావ వచ్చి మధ్యలో నిలబడ్డాడు. “నేను ఫోన్ చేశాను. మా డాక్టరు మూడింటికి రమ్మంటున్నాడు. లేవండి, లేవండి.”

“మేం నిలబడే ఉన్నాం అన్నయ్యగారూ.”

“అదే, పదండి.”

గీతలమ్మకి ఆ క్షణం ఇద్దర్నీ ఆ ఆస్పత్రిలోనే వదిలేసి ఆఫీసుకి పోదామనిపించింది. అక్కడ కనీసం జనం కాగితాల మీద అబద్ధం చెప్తారు, పట్టుకోవడానికి స్కేలు ఉంటుంది. పదిహేనేళ్లు కాపురం చేసిన మనిషి ముఖం మీద ఏ స్కేలు పెట్టి కొలవాలి?

“రెండింటికి ఎంఆర్ఐ,” అంది. “అది అయ్యాక మీ ఇష్టం.”

* * *

ఎంఆర్ఐ గది నేలమాళిగలో ఉంది. నలుగురూ మెట్లు దిగుతుంటే ఏదో తలుపు కొడుతున్నట్టు లోపల్నుంచి ఒకటే చప్పుడు. కౌంటర్ దగ్గర కూర్చున్న ఆపరేటరమ్మ అట్టకి క్లిప్పు పెట్టిన ఫారం ఇచ్చింది.

“జాగ్రత్తగా నింపండి. లోపలున్నది పెద్ద అయస్కాంతం. ఒంట్లో ఇనపముక్క ఏదన్నా పెట్టి ఉంటే లాగేస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. ముందే తెలియాలి.”

ముక్కుసారు నిలబడే నింపాడు. గుండె జబ్బు, లేదు. పేస్‌మేకర్, లేదు. కంట్లో ఇనపరజను, లేదు. తలకి గానీ ముక్కుకి గానీ ఆపరేషన్లు, ఎన్ని. అక్కడ పెన్ను కాస్త ఆగింది. తర్వాత మిగతావాటి కంటే గట్టిగా ‘లేదు’ అని రాశాడు. అట్ట గీతలమ్మ చేతికిచ్చాడు.

“సాక్షి సంతకం. ఇక్కడ.”

ఆమె పైనుంచి కింద దాకా చదివింది. మళ్లీ చదివింది.

“నేను పెట్టను.”

“సంతకమే కదే.”

“నా ఉద్యోగం సంతకమే. తప్పని తెలిసిన కాగితం మీద ఇన్నేళ్లలో ఒక్కటి పెట్టలేదు. మీకోసం మొదలుపెట్టను.”

“నువ్వు పెట్టకపోతే అమ్మ పెడుతుంది.” ఆయన అట్ట లాక్కుని తల్లి ఒళ్లో పెట్టాడు. “అమ్మా, సంతకం పెట్టు.”

అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకుంది. పెట్టుకుంది. మళ్లీ తీసింది. వెనక వరసలో ఇంకెవరో చెప్పులు నేలకి రాస్తూ విసుక్కుంటున్నారు.

“అత్తయ్యా,” అంది గీతలమ్మ, ఆవిడ పక్కన కూర్చుంటూ. గొంతులో కోపం తగ్గలేదు. “లోపల నిజంగా ఏమన్నా ఉండి, మనం లేదని రాస్తే ఏమవుతుందో ఈ కౌంటరావిడ చెప్పింది. మీరు విన్నారు. నన్ను మోసం చేశారా లేదా అన్నది ఇంటికెళ్లాక తేల్చుకుందాం. మీతో జీవితాంతం పోట్లాడే ఓపిక నాకుంది. ఆయన లేకుండా పోట్లాడే ఓపిక లేదు.”

అత్తగారు కళ్లజోడు మడిచి అట్ట మీద పెట్టింది.

“అయింది,” అంది చివరికి. “ఒకసారి అయింది. వాడికి ఇరవై రెండేళ్లప్పుడు.”

“అమ్మా,” అన్నాడు ముక్కుసారు.

“నోర్ముయ్యరా. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నేళ్లు దాచాను. దాచింది నేను, మొయ్యాల్సింది నువ్వా? డెయిరీలో ముక్కు పనికి తీసుకుంటున్నారని తెలిసింది. ముక్కు కోయించుకున్నవాణ్ణి ముక్కు పనికి ఎవరు పెడతారు? అందుకని చెప్పొద్దన్నాను. తర్వాత మీ సంబంధం వచ్చిందమ్మాయ్. మీ నాన్నగారు అబ్బాయికి జబ్బులేమన్నా ఉన్నాయా అని అడిగారు. జలుబు కూడా ఎరగడన్నాను. ఒకసారి అన్నాక ఇంకెలా తిప్పుకోను?”

గీతలమ్మకి అనాల్సినవి చాలా ఉన్నాయి, పదిహేనేళ్లవి. ప్రతి వానాకాలం ‘మా వాడికి నీ వంట పడక జలుబు’ అన్న మాట కూడా అందులో ఉంది. కానీ వరస వెనక పెరుగుతోంది. ఆమె అట్ట తీసుకుంది, ‘లేదు’ కొట్టేసింది, పైన ‘ఒకటి’ అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టింది. ఆఫీసులో దిద్దుబాట్లకి పెట్టే సంతకం. ఒళ్లంతా మండుతున్నా గుండెల మీంచి ఏదో దిగినట్టుంది. ఇక డాక్టరమ్మకి చెప్పడానికి ఒక నిజం అంటూ దొరికింది.

అన్నీ వింటూనే ఉన్న ఆపరేటరమ్మ ఫారం చూసి ముక్కుసారుని పిలిచింది.

“ముక్కుకి ఒకటే ఆపరేషన్ కదండీ? ఇరవై రెండేళ్లప్పుడు?”

ముక్కుసారు చేతి గడియారం తీసి జేబులో వేసుకున్నాడు.

“లోపలికి వెళ్లేముందు మీ నోటితో చెప్పాలి. ఒకటేనా?”

లోపలి గదిలో మిషను చప్పుడు ఆగిపోయింది. ఎవరినో దించుతున్నారు. ముక్కుసారు ఆ తలుపు వైపు చూశాడు.

“రెండు,” అన్నాడు.

అత్తగారు లేచి నిలబడింది. మోకాళ్లు ఆవిడకి అడ్డం రాలేదు.

“రెండేంటిరా?”

“తొమ్మిదేళ్ల కిందట. అప్పుడే నీళ్లు కారడం మొదలైంది. క్యాన్ మీద వంగితే పాలల్లో పడతాయేమోనని భయం. నీకు చెబితే నువ్వు ఏడుస్తావు. దీనికి చెబితే మొదటిది కూడా చెప్పాలి.”

పదిహేనేళ్లు కోడలి దగ్గర దాచిన మనిషి దగ్గర కొడుకు తొమ్మిదేళ్లు దాచాడు. అత్తగారు తెల్లబోయి నిలబడిపోయింది. గీతలమ్మకి నవ్వొచ్చేది, ఇంకెవరింట్లోనైనా అయితే.

తొమ్మిదేళ్ల కిందట. ఆమెకి లెక్క దొరికింది. డెయిరీవాళ్లు శిక్షణకి పంపారని పన్నెండు రోజులు ఊళ్లో లేడు. తిరిగొచ్చాక నెల రోజులు మూడు దిళ్లేసుకుని పడుకున్నాడు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మేవాడు. బకెట్టు ఎత్తమంటే ఎత్తలేదు. శిక్షణకెళ్లి బద్ధకం నేర్చుకొచ్చారని ఆమె ఆఫీసులో చెప్పి నవ్వింది కూడా.

“మరి ఆస్పత్రిలో పక్కన ఎవరున్నారు?” అంది. “సంతకం ఎవరు పెట్టారు?”

ముక్కుసారు చెప్పాల్సిన పని లేకపోయింది. వరండా చివర తొందరబావ కారు తాళాలు తీసుకుని లేస్తున్నాడు.

“కారు గేటుకి అడ్డం పెట్టాను,” అన్నాడు. “తీసేసి వస్తాను.”

“కూర్చోండి అన్నయ్యగారూ.”

ఆమె గొంతు పెంచలేదు. అయినా ఆయన కూర్చున్నాడు. ఆ కుటుంబంలో ఎవరో చెబితే తొందరబావ కూర్చోవడం అదే మొదటిసారి.

“మీరు రేపే చేస్తాడన్న డాక్టరేనా అప్పుడు చేసింది?”

“ఆయనకి వీడి ముక్కు తెలుసు కదమ్మా. మళ్లీ ఈ స్కానులన్నీ ఎందుకని...”

“ఏమేం తెలుసో తర్వాత కనుక్కుందాం. కాగితాలున్నాయా?”

“అప్పుడే చింపేశాం. వీడే చింపమన్నాడు.”

గీతలమ్మ కళ్లు మూసుకుని తెరిచింది. ఆపరేటరమ్మ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది.

“సరే. రెండోసారి ఏం తీశారు?”

తొందరబావ తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

“తియ్యలేదమ్మా,” అన్నాడు. “పెట్టారు. పైన కంత పడిందని, ఏదో పెట్టి మూశారు.”

ఆపరేటరమ్మ పెన్ను మూత పెట్టేసింది. లేచి వెళ్లి, తెరిచి ఉన్న మిషను గది తలుపు మూసేసింది. “అదేంటో తెలిసేదాకా లోపలికి పంపను,” అంది.

“ఏం పెట్టారురా నీ తలలో?” అంది అత్తగారు.

ముక్కుసారు బావ వైపు చూశాడు. బావ ముక్కుసారు వైపు చూశాడు. ఇద్దరికీ తెలియదని గీతలమ్మకి అప్పుడు అర్థమైంది.